తిరుపతి ఎండలకు మిద్దెతోట, పెరటి మొక్కలు: వేసవి పనులపై చర్చ

జీవకోన మిద్దెతోట | ఏప్రిల్ 4, ఉదయం 6:40

సభ్యులందరికీ నమస్కారం. మాది తిరుపతిలో జీవకోన. కొండకు దగ్గరి ఇల్లు కావడం వల్ల పగలంతా కాగిన రాయి రాత్రి పది దాకా సెగ కక్కుతూనే ఉంటుంది. మిద్దె మీద నలభై దాకా కుండీలు, సంచులు ఉన్నాయి. ఇంటి వెనుక ఒక నిమ్మ, ఒక కరివేపాకు, రెండేళ్ల బేనీషా మామిడి, రెండు మల్లె గుబుర్లు ఉన్నాయి.

పోయిన సంవత్సరం మే నెల ముగిసేసరికి మిద్దె మీద సగం మొక్కలు చచ్చిపోయాయి. నీళ్లు లేక పోయినవి కావు. ఉదయం తొమ్మిదింటికి ఒకసారి, సాయంత్రం నాలుగున్నరకు ఒకసారి పైపు పట్టుకుని అన్నింటినీ తడిపేదాన్ని. అయినా వంగ ఆకులు తెల్లబారి రాలిపోయాయి, టమాటా పూత నిలవలేదు, నిమ్మ పిందెలు గోలీకాయంత అయ్యాక నేలపాలయ్యాయి. ఈసారి ఎండలు ముదరకముందే అడుగుతున్నాను. వేసవిలో మీరు రోజూ చేసే పనులేమిటో, పూర్తిగా మానుకునే పనులేమిటో దయచేసి వివరంగా చెప్పండి.

మెట్టతోట, చంద్రగిరి | ఏప్రిల్ 4, ఉదయం 8:15

అక్కా, నాకు ముందుగా అనుమానం కలిగింది మీరు నీళ్లు పోసిన వేళల మీద. సాయంత్రం నాలుగున్నరకు మిద్దె మీది నల్ల ట్యాంకులో నీళ్లు, ఎండలో పడి ఉన్న పైపులో నీళ్లు ఎంత వేడిగా ఉంటాయో ఒక్కసారి చేయి పెట్టి చూడండి. మా ఇంట్లో ఒక మే నెల మధ్యాహ్నం పైపు విప్పితే మొదటి రెండు నిమిషాలు వచ్చిన నీటికి చేయి వెనక్కి లాక్కున్నాను. ఆ నీళ్లే అంతకుముందు వారం రోజులుగా వంగ మొదళ్లలో పోసి ఉన్నానని అప్పుడు అర్థమైంది. కాగిన మట్టిలో కాగిన నీళ్లు పోస్తే వేళ్లు ఉడికిపోతాయి. ఉదయం ఆరు, ఆరున్నర లోపల నీళ్లు పోయడం ముగించండి. సాయంత్రం పోయవలసి వస్తే పొద్దు గూకిన తర్వాత, పైపులో మొదట వచ్చే నీటిని బక్కెట్లో పట్టి పక్కన పెట్టి, ఆ తర్వాతి నీళ్లు వాడండి.

రెండో అనుమానం లోతు. పైపుతో పైపైన తడిపితే మట్టి మీద రెండు అంగుళాలే తడుస్తుంది. పెరట్లో చెట్లకు నేను ఒక సన్నని ఇనుప చువ్వ వాడతాను. నీళ్లు పెట్టిన గంట తర్వాత దాన్ని పాదులో గుచ్చితే తడి ఉన్నంత లోతు సులువుగా దిగుతుంది, పొడి మట్టి తగలగానే ఆగిపోతుంది. మొదటిసారి గుచ్చినప్పుడు మా మామిడి పాదులో బెత్తెడు కూడా దిగలేదు. అరగంట నీళ్లు పెట్టానన్న నమ్మకం ఆ ఒక్క గుచ్చుతో పోయింది. ఇప్పుడు రోజూ కొంచెం పోయడం మానేసి, మూడు రోజులకు ఒకసారి చువ్వ మూర లోతు దిగేదాకా పెడుతున్నాను.

కొర్లగుంట మిద్దె | ఏప్రిల్ 4, రాత్రి 9:05

చంద్రగిరి అన్న చెప్పింది నేలలో ఉన్న చెట్లకు సరిపోతుంది గానీ, కుండీలకు దాన్ని అన్వయిస్తే నష్టపోతారు. పన్నెండు అంగుళాల కుండీలో ఉన్న మట్టి ఎంత? మే నెలలో ఆ మట్టి ఒక్క పగటిలోనే ఎండిపోతుంది. మూడు రోజులు ఆగితే మొక్క మిగలదు. నేను ఉదయం ఒకసారి, అడుగు రంధ్రం నుంచి నీళ్లు కారేదాకా పోస్తాను. రాత్రి ఏడున్నరకు వేలు రెండు కణుపులు దించి చూసి, పొడిగా ఉన్న కుండీలకు మాత్రమే మళ్లీ పోస్తాను. అన్నింటికీ రెండు పూటలా పోస్తే తడి ఆరని కుండీలలో వేరు కుళ్లు వస్తుంది. మధ్యాహ్నం ఆకులు వాలిపోయాయని కంగారుపడి నీళ్లు పోయకండి. సొర, వంగ ఆకులు ఎండకు వాలి, పొద్దు దిగాక వాటంతట అవే నిలబడతాయి. తెల్లవారిన తర్వాత కూడా వాలి ఉంటేనే అది నీటి కొరత లేక వేరు జబ్బు అని తెలుసుకోవాలి.

కుండీలను మిద్దె మీద నేరుగా ఉంచారా? రెండేసి ఇటుకల మీద పెట్టండి. స్లాబు వేడి అడుగుకు తగలదు, నీళ్లు కూడా బాగా కారిపోతాయి. నల్ల సంచులు ఎండను మింగేస్తాయి కాబట్టి వాటి బయటి వైపు సున్నం పూయండి, లేదా తడిపిన గోనె చుట్టండి. పెద్ద కుండీలను పడమర వైపు, చిన్నవాటిని వాటి నీడలోకి చేర్చి దగ్గర దగ్గరగా పెట్టుకుంటే ఒకదానికొకటి కాపు కాస్తాయి.

మెట్టతోట, చంద్రగిరి | ఏప్రిల్ 5, ఉదయం 6:10

ఒప్పుకుంటున్నాను. మూడు రోజుల లెక్క నేలలో ఉన్న చెట్లకే పరిమితం.

చిత్తూరు నిమ్మచెట్టు | ఏప్రిల్ 5, ఉదయం 10:30

నిమ్మ పిందెలు రాలడం గురించి వ్రాస్తున్నాను. మా పెరట్లో రెండు నిమ్మచెట్లు ఇరవై ఏళ్లుగా కాస్తున్నాయి కాబట్టి వాటి స్వభావం కొంత తెలుసు. పిందె పట్టిన తర్వాత ఒక వారం నీళ్లు మరచిపోయి, గుర్తొచ్చిన రోజు చెరువు కట్టినట్లు పాదు నింపితే పిందెలు రాలుతాయి, కాస్త పెరిగిన కాయలైతే పగులుతాయి. నిమ్మకు ఎక్కువ నీళ్లకంటే తప్పకుండా అందే నీళ్లు ముఖ్యం.

పాదు ఎలా చేశారన్నది కూడా చూసుకోండి. చాలా ఇళ్లలో మొదలు చుట్టూ గుంత తీసి అందులో నీళ్లు నిలుపుతారు. నిమ్మ మొదలు తడిలో నానితే బంక కారే తెగులు వస్తుంది. మొదలు చుట్టూ మట్టిని ఎత్తుగా ఎగదోసి, జానెడు దూరం వదిలి, ఆ బయట ఉంగరంలాగా పాదు తీయాలి. కొమ్మల చివర్ల నీడ ఎక్కడ పడుతుందో అక్కడిదాకా పాదు వెడల్పు పెంచాలి, ఎందుకంటే నీళ్లు తాగే సన్నని వేళ్లు ఉండేది అక్కడే. పడమటి ఎండ నేరుగా తగిలే మొదలుకు సున్నం పూస్తే బెరడు పగలదు. లేత చిగుళ్ల మీద పిట్ట రెట్టలాగా కనిపించేవి సీతాకోకచిలుక పురుగులు. ఇంటి చెట్టుకు మందు అక్కరలేదు, ఉదయం పూట చేత్తో ఏరివేస్తే చాలు.

జీవకోన మిద్దెతోట | ఏప్రిల్ 7, సాయంత్రం 7:20

అందరికీ కృతజ్ఞతలు. ఇనుప చువ్వ గుచ్చి చూశాను. నిమ్మ పాదులో నాలుగు వేళ్ల లోతుకే ఆగిపోయింది. మొదలు దగ్గర నేను తీసిన గుంత కూడా చిత్తూరు అన్నగారు వద్దన్న విధంగానే ఉంది. నిన్న దాన్ని పూడ్చి, బయట కొత్త పాదు తీయించాను. కుండీలలో మట్టి మీద తెల్లని పొర కడుతోంది, ఆకుల అంచులు కాలినట్లు గోధుమరంగుకు మారుతున్నాయి. మేము బోరు నీళ్లతో పాటు, వృథా చేయడం ఎందుకని మంచినీటి ఫిల్టరు వదిలేసే నీళ్లు కూడా పోస్తున్నాము. దీనికీ దానికీ సంబంధం ఉందా?

కొర్లగుంట మిద్దె | ఏప్రిల్ 7, రాత్రి 8:50

ఉంది. ఆ తెల్లని పొర ఉప్పే. ఫిల్టరు మంచినీళ్లను మనకు ఇచ్చి, ఉప్పును మిగిలిన నీళ్లలోకి నెట్టేస్తుంది కాబట్టి ఆ నీళ్లు బోరు నీళ్లకన్నా ఉప్పగా ఉంటాయి. వేసవిలో నీరు ఆవిరై పోతూ ఉప్పును కుండీలోనే వదిలిపెట్టడం వల్ల అది రోజురోజుకూ పేరుకుంటుంది. ఆ నీళ్లను ఇల్లు తుడవడానికి వాడండి. ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పు దాదాపు ఉండదు కనుక వాటిని పట్టి బోరు నీళ్లలో కలపండి. కుళాయి నీళ్లు వచ్చిన రోజు ఒక్కొక్క కుండీలో నెమ్మదిగా, అడుగు నుంచి కారేలా రెండు మూడుసార్లు పోసి ఉప్పును కడిగేయండి. పై పొరను అంగుళం మందం గోకి తీసి కొత్త ఎరువు వేయండి. బియ్యం కడిగిన నీళ్లు నిరభ్యంతరంగా పోయవచ్చు.

పీలేరు పల్లెపెరడు | ఏప్రిల్ 9, ఉదయం 7:00

పాదుల మీద, కుండీల మీద ఏమీ కప్పకుండా ఎన్ని నీళ్లు పోసినా నిలవవు. మన జిల్లాలలో వేరుశనగ పొట్టుకు కరువు లేదు. మిల్లు దగ్గర సంచుల లెక్కన దొరుకుతుంది. మూడు అంగుళాల మందం పరిస్తే మట్టి చల్లగా ఉంటుంది, కలుపు రాదు, కుళ్లిన తర్వాత మట్టికే బలం. చెరకు పిప్పి, టెంకాయ పీచు, ఎండుటాకులు కూడా పనికి వస్తాయి. పొట్టు కప్పిన పాదులో మధ్యాహ్నం రెండింటికి చేయి దూర్చి చూడండి, పక్కనున్న వట్టి నేలను తాకి చూడండి. ఇంకొకరు చెప్పనక్కరలేదు.

చిత్తూరు నిమ్మచెట్టు | ఏప్రిల్ 9, ఉదయం 9:40

పొట్టు మంచిదే గానీ రెండు జాగ్రత్తలు చేర్చాలి. వేరుశనగలో మొదలు కుళ్లు తెగులు సాధారణం. తెగులు సోకిన చేనిలోని కాయల పొట్టుతో పాటు ఆ బూజు వంగ, టమాటా, మిరపలకు కూడా రావచ్చు. కాబట్టి పొట్టును పలుచగా పరచి వారం రోజులు గట్టి ఎండలో తిరగేస్తూ ఆరబెట్టాక వాడండి, మొదలుకు తగలకుండా నాలుగు వేళ్ల ఖాళీ వదలండి. ఇక రెండవది: జీవకోన, కపిలతీర్థం, అలిపిరి వంటి కొండ దాపు ఇళ్లలో చల్లదనం కోసం తేళ్లు, పాములు ఈ కప్పు కిందికి చేరతాయి. వట్టి చేతులతో ఎత్తకండి. కర్రతో కదిలించి, టార్చి వేసి చూసిన తర్వాతే చేయి పెట్టండి. ఎర్రమట్టిలో చెదలు కూడా ఆశిస్తాయి గనుక పదిహేను రోజులకొకసారి కప్పును ఎత్తి చూడటం అవసరం.

పుత్తూరు మల్లెపందిరి | ఏప్రిల్ 14, సాయంత్రం 6:30

షేడ్ నెట్ గురించి ఇంకా ఎవరూ ప్రస్తావించలేదు. యాభై శాతం నీడనిచ్చే వల చాలు. నేను మొదటి ఏడాది ఎక్కువ నీడ ఉంటే ఎక్కువ మేలు అనుకుని డెబ్బై ఐదు శాతం వల కట్టాను. మొక్కలు బ్రతికాయి గానీ బెండ, మిరప సన్నగా సాగిపోయి ఒక్క కాయ ఇవ్వలేదు. వలను తలకు తగిలేంత దిగువగా కాకుండా ఏడడుగుల ఎత్తున కట్టి, పడమటి వైపు మాత్రం నడుము ఎత్తు దాకా వేలాడదీయండి. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా వచ్చే ఏటవాలు ఎండే ఎక్కువ చేటు చేస్తుంది. మల్లెను మాత్రం నీడలో పెట్టవద్దు. ఈ రోజులలోనే పూసే మొక్క అది, దానికి పూర్తి ఎండ, తప్పని తడి రెండూ కావాలి. మొగ్గలు కోసిన కొమ్మల చివర్లను గిల్లుతూ ఉంటే కొత్త చిగురు, దానితో కొత్త మొగ్గ వస్తుంది.

జీవకోన మిద్దెతోట | ఏప్రిల్ 22, ఉదయం 6:50

వల కట్టించాను. మిద్దె మీద నిలబడితే తేడా నాకే తెలుస్తోంది. ఇప్పుడు రెండు సందేహాలు. టమాటాకు ఈసారైనా కాయ నిలుస్తుందా? సొర పాదులో పూలు విపరీతంగా ఉన్నాయి గానీ, పిందెలు వేలెడంత కాగానే పసుపు తిరిగి రాలుతున్నాయి, కారణం ఏమిటి?

పీలేరు పల్లెపెరడు | ఏప్రిల్ 22, మధ్యాహ్నం 1:15

టమాటా మీద ఆశ పెట్టుకోకండి. పగలు ముప్పై ఐదు డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే పుప్పొడి పని చేయదు, పూత రాలిపోతుంది. మదనపల్లె వైపు వేసవిలోనూ టమాటా పండుతుంది గదా అని చాలామంది అడుగుతారు. మదనపల్లె సముద్ర మట్టానికి సుమారు ఏడు వందల మీటర్ల ఎత్తున ఉంది, తిరుపతి రెండు వందలకు లోపే. ఆ ఎత్తు ఇచ్చే చల్లదనం మీ మిద్దె మీద రాదు. ఉన్న మొక్కలను బ్రతికించుకోండి, లేకపోతే తీసేసి ఆ కుండీలలో గోంగూర, తోటకూర, బచ్చలి, గోరుచిక్కుడు వేసుకోండి. ఇవి ఎండను భరిస్తాయి.

మెట్టతోట, చంద్రగిరి | ఏప్రిల్ 22, రాత్రి 9:30

సొర సంగతి నేను చెబుతాను, ఎందుకంటే ఇప్పుడే ఆ పని చేసి దిగి వచ్చాను. సొర, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. సొర పూల మీదికి చీకటి పడ్డాక రెక్కల పురుగులు వచ్చి పుప్పొడి చేరవేయాలి. మూడో అంతస్తు మిద్దె మీదికి అవి ఎన్ని వస్తాయి? దానికి తోడు ఎండ ముదిరితే తీగ మగపూలనే ఎక్కువగా పూస్తుంది. అందుచేత ఆ పని మనమే చేయాలి.

రాత్రి ఏడింటికి టార్చి పట్టుకుని వెళ్లండి. సన్నని పొడవాటి కాడ మీద నిలబడి ఉన్న తెల్లని పువ్వు మగది. పువ్వు కింద నూగుతో నిండిన చిన్న పిందె ఉంటే అది ఆడది. అప్పుడే విచ్చిన మగపువ్వును కాడతో సహా తుంచి, రేకులను వెనక్కి మడిచి, మధ్యనున్న పుప్పొడి దిమ్మను ఆడపువ్వు నడుమ మూడు పాయలుగా ఉన్న భాగానికి మెల్లగా, నలుమూలలా తగిలేలా అద్దండి. వేలి కొసకు పసుపు అంటితే పుప్పొడి బాగున్నట్లే. ఒక మగపువ్వుతో రెండు, మూడు ఆడపూలకు అద్దవచ్చు. అద్దిన పువ్వు కాడకు ఒక దారం కట్టి గుర్తు పెట్టుకోండి. నాలుగో రోజుకు పిందె తల కిందికి వంచి, కాడ లావెక్కితే అది నిలిచినట్లు. కాకర, గుమ్మడి పూలు తెల్లవారుజామున విచ్చుకుంటాయి కనుక వాటికి ఉదయం ఎనిమిది లోపలే అద్దాలి.

పుత్తూరు మల్లెపందిరి | మే 3, ఉదయం 7:45

రేపటి నుంచి కర్తరి. పంచాంగంలో మే 4 నుంచి 28 దాకా చెప్పే ఈ రోజులలో చెట్లు నరకకూడదని, విత్తకూడదని, భూమి తవ్వకూడదని మా అత్తగారు ఖచ్చితంగా పాటిస్తారు. నేను అందులోని వ్యవసాయపు అర్థాన్ని గట్టిగా నమ్ముతాను. ఇప్పుడు కొమ్మలు కత్తిరిస్తే లోపలి బెరడు ఎండకు కాలుతుంది, నారు పీకి నాటితే వేరు పట్టదు, మొదలు తవ్వితే పై వేళ్లు తెగి ఎండిపోతాయి. యూరియా వంటివి వేస్తే వేళ్లు మాడతాయి. ఎండు కొమ్మలు తీయడం, కలుపు చేత్తో పీకడం, నీళ్లు చూసుకోవడం మినహా మరే పనీ పెట్టుకోకండి.

జీవకోన మిద్దెతోట | మే 8, సాయంత్రం 6:55

సొర పిందెలు నాలుగు నిలిచాయి. అందులో మొదటి దానికి కట్టిన ఎర్రదారం ఇప్పుడు కాడకు బిగిసిపోతుంటే ఈ ఉదయం వదులు చేశాను. కానీ వంగ, గులాబీ ఆకుల మీద మళ్లీ పోయినేటి తెల్లని చుక్కలు మొదలయ్యాయి. ఆకు వెనుక సన్నని బూజు గూడు లాంటిది ఉంది. వేపనూనె కొట్టమంటారా?

కొర్లగుంట మిద్దె | మే 8, రాత్రి 8:20

అవి ఎర్రనల్లి. ఒక ఆకును తెల్ల కాగితం మీద విదిలించండి. నడిచే చుక్కలు కనిపిస్తే సందేహం లేదు. వేడి, పొడిగాలి వాటికి ఇష్టం కాబట్టి మే నెలలో వారంలోనే మొక్కంతా కమ్ముతాయి. బాగా పట్టిన ఆకులను తుంచి సంచిలో కట్టి పారేయండి. ఉదయం ఆరింటికి ఆకుల అడుగు భాగానికి నీళ్లను గట్టిగా చిమ్మి కడగండి, మూడు రోజులు వరుసగా. ఆ తర్వాత లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, అది కలిసేందుకు కొంచెం సబ్బు ద్రవం వేసి, పొద్దు పూర్తిగా దిగాక మాత్రమే కొట్టండి. ఎండలో కొడితే నల్లి కంటే ముందు ఆకు మాడుతుంది. గంధకం పొడి నల్లికి మంచి మందే గానీ ఈ వేడిలో కొట్టకూడదు, తీగజాతి మొక్కలను అది కాల్చేస్తుంది.

జీవకోన మిద్దెతోట | మే 9, ఉదయం 6:30

అలాగే చేస్తాను. ఇంకొకటి. గంగమ్మ జాతర ముగిసిన తర్వాత అయిదు రోజులు ఊరికి వెళ్లాలి. పక్కింటివారిని ఇబ్బంది పెట్టకుండా ఏదైనా మార్గం ఉందా?

పీలేరు పల్లెపెరడు | మే 9, ఉదయం 8:10

కుండ పాతండి. పలమనేరు మట్టి కుండలు తిరుపతి సంతలో దొరుకుతాయి. మెరుగు, రంగు పూయని కుండే కావాలి. అయిదు లీటర్ల కుండను మొక్కకు జానెడు దూరంలో మెడ దాకా పాతి, నీళ్లు నింపి, మూకుడు మూయండి. మూత లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి, తొండలు పడి చస్తాయి. చుట్టూ మట్టి ఎండే కొద్దీ కుండ గోడల నుంచి నీరు ఊరుతుంది, వేళ్లు వచ్చి దాన్ని కరచుకుంటాయి. మా మామిడి మొక్కకు రెండు కుండలు నింపితే నాలుగైదు రోజులు వస్తోంది. కర్తరిలో తవ్వకూడదన్న మాట విన్నాను గనుక వేళ్లకు దూరంగా, పాదు అంచున పాతండి. బోరు నీళ్ల ఉప్పుతో ఏడాదికి కుండ రంధ్రాలు మూసుకుపోతాయి, అప్పుడు మార్చాలి. మిద్దె మీది చిన్న కుండీలను అయిదు రోజులూ పెరట్లో నీడకు దించి, గుంపుగా పెట్టి, తడి గోనెలు చుట్టి వెళ్లండి.

చిత్తూరు నిమ్మచెట్టు | మే 9, ఉదయం 11:00

ఖాళీ అయిన కుండీల మట్టి గురించి కూడా ఒక మాట. దాన్ని పారేయకండి. తడిపి, పారదర్శకమైన పాలిథిన్ సంచులలో నింపి, మూతి కట్టి మిద్దె మీద గట్టి ఎండలో నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచండి, మధ్యలో తిరగేయండి. నులిపురుగులు, కుళ్లు బూజులు, కలుపు విత్తనాలు చాలావరకు చస్తాయి. నల్ల సంచి కంటే పారదర్శకమైనది బాగా వేడెక్కుతుంది. పొడి మట్టితో చేస్తే ఫలితం ఉండదు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ ఉంటుందంటారు, ఆ ఎండను ఈ పనికి వాడుకోండి.

జీవకోన మిద్దెతోట | జూన్ 11, ఉదయం 7:05

నెల రోజుల తర్వాత వ్రాస్తున్నందుకు మన్నించండి. నలభై కుండీలలో ఆరు పోయాయి. అందులో నాలుగు టమాటాలే. ఊరి నుంచి వచ్చేసరికి మామిడి పక్కన కుండలో బెత్తెడు నీళ్లు మిగిలి ఉన్నాయి, మొక్క కొత్త చిగురు వేసింది. నిమ్మ మీద ఈ ఉదయం లెక్కపెడితే నూట పన్నెండు కాయలు ఉన్నాయి. నిరుడు ఈపాటికి పదిహేను లేవు. మల్లెలు ఇంట్లో వాడుకోగా పక్కింటికీ ఇచ్చాము. మృగశిర ప్రవేశించింది, మొన్న ఒక జల్లు కూడా పడింది. వల విప్పేయవచ్చా?

పుత్తూరు మల్లెపందిరి | జూన్ 11, ఉదయం 9:20

తొందరపడకండి. మనకు అసలైన వానలు అక్టోబరు, నవంబరు నెలలలోనే గదా, జూన్ నెలంతా మబ్బు పట్టినా ఎండ తగ్గదు. రెండు నెలలు నీడకు అలవాటు పడిన ఆకులకు ఒక్కసారిగా ఎండ తగిలితే తెల్లగా కాలిపోతాయి. నాలుగు రోజులు వరుసగా మబ్బు ఉన్నప్పుడు ముందు తూర్పు వైపు విప్పండి, వారం ఆగి పైభాగం తీయండి. పడమటి వేలాడు జూలై దాకా ఉండనివ్వండి. విప్పిన వలను ఉతికి, నీడలో చుట్టి పెడితే నాలుగేళ్లు వస్తుంది.

జీవకోన మిద్దెతోట | జూన్ 11, ఉదయం 9:45

మంచిది అక్కా. ఇవాళ మబ్బుగానే ఉంది. మరో మూడు రోజులు చూసి తూర్పు వైపు కట్లు విప్పుతాను. సంచులలో కట్టి ఉంచిన మట్టిని కూడా అప్పుడే తెరిచి బెండ విత్తుతాను.